తాగని నీళ్ళు

అది కాదు, బరువు, ఆ బరువే ఇంకా చేతిలోంచి దిగడం లేదు, లీటరు సీసా ఎంత బరువుంటుందో తనకు తెలియనిదా ఏమిటి, కానీ మధ్యాహ్నం మూడూ నలభైకి అంత బరువు ఉండకూడదు కదా, అనుకుంటూ శశికళ కుడిచేతిని చున్నీకేసి తుడుచుకుంది, చేతికి తడేమీ లేదు, కారు చందాపుర సర్కిల్ దగ్గర ఆగిపోయి పావుగంటైంది, ముందు క్యాబేజీలు నింపుకున్న టెంపో, పక్కన ఏదో ఫ్యాక్టరీ బస్సు, బస్సు కిటికీలకు తలలు ఆనించి నిద్రపోతున్న ఆడవాళ్ళు, ఒళ్ళో ట్యాబ్, ట్యాబ్‌లో తనిఖీ రిపోర్టు, దాని అడుగున ఆకుపచ్చ గడి, ఆ గడిని ఒక్కసారి వేలితో తాకితే చాలు, ఇప్పుడే వదిలి వచ్చిన ఆ కుట్టు ఫ్యాక్టరీకి రేపు పొద్దున స్టార్ హోటల్లో, విదేశాల నుంచి దిగిన కొనుగోలుదార్ల చప్పట్ల మధ్య, ఈ ఏడాది ఉత్తమ హరిత సప్లయర్ అని షీల్డు ఇస్తారు, ఎందుకంటే నీళ్ళు పొదుపు చేసినందుకట, ఆహా, ఎంత పొదుపు, ఎవరి పొదుపు, ఐదున్నరలోగా పంపించెయ్ శశీ అని పైఅధికారి అమరనాథ్ ఇప్పటికి మూడు మెసేజీలు పెట్టాడు, టైము నాలుగూ ముప్ఫై అయిదు, ఏమ్మా, ఏసీ పెంచేదా, మొకమంతా చెమటలు పట్టి ఉండాది అని డ్రైవరు నంజప్ప అద్దంలోంచి అడిగాడు, వద్దప్పా, బాగానే ఉన్నాను అంది, బాగా లేదు, ఒళ్ళు మండిపోతోంది.

వస్తున్నామని పదిరోజుల ముందు ఉత్తరం రాసి వెళ్ళేది తనిఖీ ఎలా అవుతుంది, పెళ్ళిచూపులవుతుంది, ఇల్లంతా సున్నం కొట్టి, పిల్లకి పక్కింటి నగలు పెట్టి, వంకాయ కూర వండింది మా అమ్మాయే అని చెప్పించినట్టే ఉంటుంది, ఎలక్ట్రానిక్ సిటీలో తను పనిచేసే కంపెనీ బట్టలు కుట్టదు, కుట్టించుకుని తన పేరు అంటించి విదేశాలకి అమ్ముకుంటుంది, కుట్టేవాళ్ళంతా సప్లయర్లు, వాళ్ళు మనుషుల్ని మనుషుల్లా చూస్తున్నారా, నీళ్ళూ కరెంటూ తగలేయకుండా వాడుతున్నారా అని చూసి మార్కులు వేయడం ఎనిమిదేళ్ళుగా శశికళ ఉద్యోగం, పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గరే ఆ ఫ్యాక్టరీ జనరల్ మేనేజరు హేమంత్‌కుమార్ గులాబీల గుత్తితో నిలబడ్డాడు, ఏ మూల చూసినా ఫినాయిల్ వాసన, బాత్రూముల్లో కాగితం కూడా విప్పని కొత్త సబ్బులు, తలుపులన్నీ బార్లా, మాట్లాడించడానికి ఐదుగురు ఆడవాళ్ళను పంపించారు, ఐదుగురూ ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒకే మాట, ఎప్పుడు కావాలంటే అప్పుడు బాత్రూముకి పోవచ్చు మేడమ్, నీళ్ళు బాగుంటాయి మేడమ్, సూపర్‌వైజరక్క మంచిది మేడమ్, తను కూడా బుద్ధిగా రాసుకుంది, ఎన్ని ఫ్యాక్టరీల్లో ఎన్నిసార్లు రాసుకోలేదు గనక. ప్రతి కుట్టుమిషను పక్కనా ఆకు బొమ్మ వేసిన స్టీలు సీసా, దానిమీద కన్నడంలో ప్రతి చుక్కా అమూల్యం అని, ప్లాస్టిక్ పూర్తిగా మానేశాం మేడమ్ అని హేమంత్‌కుమార్ తెగ మురిసిపోయాడు, తరవాత ఎవరో పిలిస్తే అవతలికి పోయాడు, ట్యాబ్ పెట్టుకుని రెండు ముక్కలు రాసుకుందామని తను ఒక సీసాని పక్కకి జరపబోయింది, చెయ్యి అనుకున్న బరువు వేరు, వచ్చిన బరువు వేరు, మూత తీసి చూస్తే మెడదాకా నీళ్ళు, పక్క మిషనుది ఎత్తింది, అదీ అంతే, దాని పక్కదీ, దాని పక్కదీ, పదకొండు సీసాలు ఎత్తితే పదకొండూ నిండుగానే ఉన్నాయి, మార్చి నెల ఎండ, ఇస్త్రీ పెట్టెల ఆవిరి, ఎనిమిదిన్నరకి మిషను ముందు కూర్చున్నవాళ్ళు ఏడు గంటలుగా గుక్కెడు నీళ్ళు గొంతులో పోసుకోలేదు. తరవాత తెలిసింది, పొద్దున మైకులో చెప్పించారట, అందరూ సీసాలు నింపి పెట్టుకోండి, ఆడిట్ మేడమ్ చూస్తారు, నిండుగా కనపడాలి అని, సబ్బులు గుర్తున్నాయి, పూలు గుర్తున్నాయి, నింపమనడం గుర్తుంది, తాగమని చెప్పడం మాత్రం ఆ మహానుభావుడికి గుర్తురాలేదు, ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా పనిచేయడం అక్కడ ఎంత మామూలైపోయిందంటే, దాన్ని కూడా దాచాలని వాళ్ళెవరికీ తట్టనేలేదు.

చేతులు కడుక్కునే వంకతో క్యాంటీను కుళాయి దగ్గరికి పోయి నిలబడితే ఆ పదకొండు సీసాల్లో ఒక సీసా మనిషి వచ్చింది, మునివెంకటమ్మ, ఆనేకల్ పక్క పల్లె నుంచి రోజూ ఫ్యాక్టరీ బస్సులో వస్తుంది, నలభై ఉంటాయేమో, మీరు ఈ ఊరి తెలుగోళ్ళా అమ్మా అని ముందు ఆమే అడిగింది, అవును, మడివాళ అంటే మొహం విచ్చుకుంది, అయితే ఇది చెప్పు, నీళ్ళెందుకు తాగలేదు నువ్వు అంటే, అటూ ఇటూ చూసి, కుళాయి ఇంకా పెద్దగా తిప్పి, నీళ్ళ చప్పుడులో చెప్పింది, తాగితే బాత్రూముకి పోవాల గదమ్మా, పోవాలంటే లైనుకి ఒగటే పాసు, చెక్కది, అరవైమందిమి ఉండాము, పోయి వచ్చేలోపల మన మిషను ముందర బట్టలు గుట్ట పడిపోతాయి, సూపర్‌వైజరు మైకులో పేరు పెట్టి పిలుస్తాది, ఏం మునివెంకటమ్మా ఇంట్లో ముగించుకోని రాలేదా అని, మొగోళ్ళంతా నగుతారు, ఎవురికి కావాల ఆ మానం పోయే పని, తాగకుంటే ఏ గొడవా లేదు. ఈరోజు ఆ చెక్క పాసు ఎక్కడా కనపడలేదే అంటే, మీరు వస్తారని బీరువాలో పెట్టిరి అంది, ఒంటికి పోతే మంట పుట్టి రెండుతూర్లు ఆస్పత్రికి పోయినాను, డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగు అనె, నాకు నగు వచ్చేసె అంది, అని నిజంగానే నవ్వింది, ఇంతలో కుళాయి కట్టేసి, తన ముంజెయ్యి పట్టుకుని, నా పేరు రాయొద్దమ్మా, ఇంగొకటి, ఫ్యాక్టరీ మాత్రం మూయించొద్దు, మేము ఆరునూరుమంది యాడికి పోతాము, నీకు పుణ్యముంటాది అంది, ఆ తడిచెయ్యి పట్టు ముంజేతి మీద ఇంకా చల్లగా తెలుస్తూనే ఉంది.

టెంపో కదిలింది, రెండు గజాలు కదిలి మళ్ళీ ఆగింది, ఈ దరిద్రం సిగ్నలు, ఈ దరిద్రం ఎండ, ఎవరిని తిట్టాలి, హేమంత్‌కుమార్‌నా, సూపర్‌వైజరునా, తిట్టు, బాగా తిట్టు, తరవాత ట్యాబ్‌లో మూడో పేజీ తియ్యి శశికళా, అక్కడ ఒక వరస ఉంది, తలకి రోజుకి ఎన్ని లీటర్లు, ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ మార్కులు, ఆ వరస ఎవరు పెట్టారు, ఏ దొరలూ పెట్టలేదు, నాలుగేళ్ళ కిందట ఏసీ గదిలో కూర్చుని నువ్వే పెట్టావు, నీళ్ళ కరువు ఊళ్ళో నీళ్ళ పొదుపుకి మార్కులుండాలి అని బల్ల గుద్ది మరీ పెట్టించావు, మిగతా ఫ్యాక్టరీల్లో తలకి ముప్ఫై లీటర్లు, ముప్ఫై అయిదు లీటర్లు, ఇక్కడ పదమూడు, పదమూడేమిటి, ఎలా వచ్చింది అని ఒక్కసారైనా అడిగావా, అడగలేదు, పోయినేడు పదికి తొమ్మిది వేసి కింద తక్కినవారికి ఆదర్శం అని రాశావు, సంతకం కూడా ఎంత వంపులు తిప్పి పెట్టావో చూసుకో. ఆ మాట రాసిన తరవాతే వాళ్ళు చెక్క పాసులు రెండు నుంచి ఒకటి చేశారేమో, ఎవరికి తెలుసు, మార్కుల కోసం పిల్లలు గైడ్లు బట్టీ పట్టినట్టు సప్లయర్లు మార్కుల కోసం మనుషుల్ని ఎండబెడతారు, అంత మాత్రం తెలియదూ నీకు, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది అంటారు, పడనీ, పడాలి, ఎన్నాళ్ళని కుట్టుకుని తిరుగుతావు అని తనని తనే కసురుకుంటూ ఉంటే ఫోను మోగింది.

అమరనాథ్, ఏంటి శశీ డిలే, కేటలాగ్ ప్రింట్‌కి వెళ్ళిపోయింది, నీ గ్రీన్ ఒక్కటే పెండింగ్ అన్నాడు, గ్రీన్ రాదు సార్ అంది, సీసాల సంగతి చెప్పింది, పేరు చెప్పకుండా పాసు సంగతి చెప్పింది, అవతల కాసేపు కీబోర్డు చప్పుడు, తరవాత నవ్వు, వాటర్ బాటిల్స్ బరువు చూసి ఎవరైనా ఆడిట్ రాస్తారా, ఎవిడెన్స్ ఏది, అసలు మన ఫార్మాట్‌లో బాటిల్ బరువనే కాలమ్ ఉందా, లేదు సార్, పెట్టడం మరిచిపోయాను, తప్పు నాదే అంది, ఆ మాటకి ఆయనకి నవ్వు పోయింది, సరే, రెడ్ పెట్టు, పెట్టేసి చూడు, బయ్యర్ ఆర్డర్ వెనక్కి తీసుకుని వేరే దేశానికి పోతాడు, సిక్స్ హండ్రెడ్ విమెన్ రోడ్డున పడతారు, ఇదేనా నీ ఎథిక్స్ అన్నాడు, సరిగ్గా గురి చూసి కొట్టాడు, మునివెంకటమ్మ తడిచెయ్యి మళ్ళీ ముంజేతిని పట్టుకుంది, దెబ్బ తగిలిందని తెలిసి ఆయన గొంతు తియ్యనైంది, అందితే జుట్టు అందకపోతే కాళ్ళు, చూడు శశీ, నీ ప్రమోషన్ ఫైల్ నా టేబుల్ మీదే ఉంది, ఈ టైమ్‌లో ఎందుకివన్నీ, రేపు ఫంక్షన్ అయిపోనీ, నెమ్మదిగా మాట్లాడి వాళ్ళచేత ఇంకో పాసు పెట్టిద్దాం, ఇంకో పాసు, అరవైమందికి ఇంకో చెక్కముక్క, ఎంత ఉదారం, ఫైలు బరువుగా ఉంటే కింద పెట్టేయండి సార్ అంది, ఏమన్నావ్ అన్నాడాయన, సిగ్నల్ సరిగ్గా లేదు సార్ అని పెట్టేసింది, అద్దంలో నంజప్ప కళ్ళు నవ్వుతున్నాయి, సిగ్నలు బాగానే ఉండాది గదమ్మా అన్నాడు, నువ్వు రోడ్డు చూడప్పా అంది, ఏం రోడ్డు చూసేది, క్యాబేజీలు లెక్క పెడతాండాను అన్నాడు.

ఆకుపచ్చ పెట్టదు, చచ్చినా పెట్టదు, ఎరుపు పెడితే మునివెంకటమ్మ ఇంటికి పోతుంది, ఇక ఉన్నది పసుపు, మూడో గడి, నాలుగేళ్ళలో ఎవరూ ముట్టుకోని గడి, ఎందుకు ముట్టుకోరో తనకు తెలుసు, నియమాలు రాసిందే తను, పసుపు పెడితే ఆరునెలలు ఆర్డరు కదపకూడదు, లోపం సప్లయరొక్కడిదే కాదు, కంపెనీ కూడా తన వంతు దిద్దుకుంటానని పై నుంచి సంతకం పెట్టాలి, పాత మార్కులన్నీ బయటికి తీసి, వేసినవాళ్ళని కూర్చోబెట్టి విచారించాలి, కొత్తలో ఆవేశంలో రాసింది, అమరనాథ్ చదవకుండా సంతకం పెట్టాడు, పసుపు పెడితే ఆయన పేరూ వస్తుంది, మొట్టమొదట తన పేరే వస్తుంది, ఆ తొమ్మిది మార్కులు, ఆ ఆదర్శం, ఆ వంపుల సంతకం అన్నీ బల్లమీదికి వస్తాయి, ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా, ఊడితే ఊడింది, తాటాకు చప్పుళ్ళకు బెదిరే రోజులు పోయాయి, రాయి, పసుపు నొక్కు, కారణాలు రాయి. లైనుకి అరవైమందికి ఒకే పాసు, పేరు పెట్టి మైకులో పిలవడం, పదకొండు నిండు సీసాలు, అని వరసగా కొట్టింది, తరవాత ఆగి, ఆర్డరు కుట్టి ఇవ్వడానికి ఉన్న అరవై రోజుల గడువుని నలభై రెండు రోజులకి కుదించింది మన కంపెనీయే, ఆ పద్దెనిమిది రోజుల్నీ ఈ ఆడవాళ్ళు తమ ఒంట్లోంచి తీసి ఇస్తున్నారు అని కూడా రాసింది, రాసింది చదువుకుంది, పంపు అనే గడి మీద వేలు పెట్టింది, నొక్కలేదు, చేతికి ఏదో అడ్డం వస్తోంది, భయమా అంటే భయం కాదు, మళ్ళీ ఆ బరువే, ఈ బరువు ఈరోజుది కాదు, ఎక్కడో బాగా చిన్నప్పుడు మోసిన బరువు, సంచిలో, సాయంత్రం, సంచి పట్టుకుంటే భుజం ఒక పక్కకి గుంజేది.

బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో అమ్మ ఇరవై రెండేళ్ళు టైలరు, సాయంత్రం ఆరున్నరకి బస్సు దిగి మడివాళ మార్కెట్ సందులోంచి వస్తుంటే శశికళ పరుగెత్తుకుపోయి సంచి లాక్కునేది, సంచిలో ఖాళీ టిఫిన్ డబ్బా, నీలం రంగు ప్లాస్టిక్ సీసా, సీసా నిండా నీళ్ళు, అక్కడే సందులో నిలబడి గటగటా తాగేసేది, ఇంట్లో రోజు విడిచి రోజు కార్పొరేషన్ నీళ్ళు వచ్చే కాలం, అమ్మ తనకోసం ఫ్యాక్టరీ నుంచి ఫిల్టరు నీళ్ళు తెస్తుందని పక్కింటి పల్లవి దగ్గర గొప్పలు కూడా పోయింది, రోజూ తెచ్చేది, ఒక్కరోజు కూడా మరిచిపోలేదు, ఒక్కరోజు కూడా. నంజప్పా, ఒక్క నిమిషం ఆ రేడియో పాట ఆపుతావా అంది, అమ్మకి ఫోను చేసింది, ఏమే శశీ, ఇంత పొద్దుండంగానే ఫోను చేస్తివి, ఒళ్ళు బాగుండాదా అంది అంజినమ్మ, బాగుందమ్మా, ఒకటి చెప్పు, నా చిన్నప్పుడు ఫ్యాక్టరీ నుంచి నాకోసం నీళ్ళు తెచ్చేదానివి కదా, అంటే అమ్మ పకపకా నవ్వింది, నీకోసం తెచ్చేదేంటికే, అది పొద్దున మనింట్లో నింపుకోని పోయిందే, సాయంత్రం అట్లే వాపసు తెస్తావుంటిని, పారబోసేదానికి మనసు రాదు, నువ్వు వచ్చి తాగేస్తావుంటివి, తాగనీలే అని సుమ్నే ఊరుకుంటిని. నువ్వెందుకు తాగేదానివి కాదు మరి, అంది తను, అమ్మ వెనకాల కుక్కరు కూసింది, యాడ తాగేదానికి అవుతాదే, ఫ్లోరు ఇంచార్జి ఉంటాడు గదా అంది, అది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు అంది, అదంతా ఇప్పుడేంటికి, రాత్రికి వస్తావా, రాగిముద్ద చేసేదా అంది, చెయ్యమ్మా, వస్తాను అంది.

కిడ్నీ రాళ్ళకి పొద్దునొక మాత్ర, రాత్రికొక మాత్ర, నీళ్ళు తాగమ్మా, తాగమంటే వినవేం, మొండిదానివి అని పోయిన ఆదివారం కూడా అమ్మని కేకలేసింది, డాక్టరు ముందే కేకలేసింది, అమ్మ చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది, ఇరవై రెండేళ్ళు ఆపుకున్న ఒంటికి కూతురు వచ్చి దాహం నేర్పిస్తోంది, ఎంత బాగుంది, పాపిష్టిదానా, ఎంత బాగుంది. కళ్ళు తుడుచుకుంది, ముక్కు చీదుకుంది, నంజప్ప వెనక్కి తిరక్కుండానే కాగితం రుమాళ్ళ డబ్బా అందించాడు, టెంపో ఎడమకి తిరిగింది, ముందు రోడ్డు కాస్త ఖాళీ అయింది, మూడో పేజీ తీసింది, తలకి పదమూడు లీటర్లు అన్నదాని ఎదురుగా ఈ ఏటి మార్కు దగ్గర సున్నా వేసింది, పోయినేటి తొమ్మిదిని కూడా ఎర్రగా కొట్టేసి పక్కన తన పూర్తిపేరు రాసింది, వంపులు లేకుండా, అడుగున ఇంకొక్క వాక్యం, ఈ వరస పెట్టింది నేను, తప్పు వరస, ఇక నుంచి ప్రతి తనిఖీలో సాయంత్రం నాలుగింటికి సీసాలు ఎత్తి చూడాలి, చెప్పకుండా వెళ్ళి చూడాలి, అని రాసి పంపు నొక్కింది, ఐదూ పది, వెళ్ళిపోయింది. రెండు నిమిషాల్లో ఫోను మోగింది, అమరనాథ్, మోగనీ, ఆగి మళ్ళీ మోగింది, ఎత్తేదా మానేదా అమ్మా, కూత ఆగేట్టు లేదు అన్నాడు నంజప్ప, ఎత్తుతానప్పా, నేనేం దొంగతనం చేయలేదు అని ఎత్తింది, శశికళా వాట్ హావ్ యూ డన్ అని అరుస్తున్నాడు, వేసిందీ నేనే సార్, కొట్టేసిందీ నేనే, రేపు హోటల్‌కి కూడా నేనే వస్తాను, అడిగినవాళ్ళకి నేనే చెబుతాను అంది, గొంతు వణకలేదు, వణకదు, ఎందుకంటే ఇప్పుడు చేతికి తెలిసిపోయింది, ఆ బరువు ఏమిటో, అది అమ్మ దాహం, రోజూ సాయంత్రం మడివాళ సందులో నిలబడి ఆ దాహాన్నే గటగటా తాగి పెరిగింది తను, పెరిగి, చదువుకుని, ఏసీ గదిలో కూర్చుని, దానికి పదికి తొమ్మిది వేసింది.